పొలిమేర దాటకూడని నెల

ఓబక్క తెచ్చిన వ్యాను వాకిట్లో ఆగి గంట దాటింది. డ్రైవరు రెండుసార్లు ఇంజను వేసి, రెండుసార్లు ఆపి, చివరికి సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు.

లోపల మంచం మీద నేత్రావతి ఎడమవైపుకు తిరిగి పడుకుంది. మంచానికి కాళ్లవైపు రెండు ఇటుకలున్నాయి. నిన్న పొద్దున మామ సంజీవప్ప పెట్టినవి. కడుపులో మాయ కిందికి ఉందని డాక్టరమ్మ చెప్పిందట కదా, కాళ్లవైపు ఎత్తు చేస్తే అదే మెల్లగా పైకి పోతుందని ఆయన ఆలోచన. నేత్రావతే తలవైపుకు జారుతోంది తప్ప మాయ సంగతి తెలియదు. కానీ అంత శ్రద్ధగా ఇటుకలు ఏరి తెచ్చిన మనిషితో ఆ మాట అనబుద్ధి కాలేదు.

"పొద్దు పడమటికి తిరిగింది వదినా," అంది నేత్రావతి తల్లి ఓబక్క, పదోసారో పన్నెండోసారో. "ఈ పొద్దుతో ఏడు నిండుతాది. రేపు ఎనిమిది పడితే పిల్లను ఊరు దాటించకూడదు. మళ్లా తొమ్మిది పడిందాకా నేను నెల కాచుకోవాల. మొదటి కాన్పు తల్లింట్లో చేయకపోతే మా ఊర్లో నన్నేమంటారు?"

"ఏమీ అనరు. వాళ్ల పనులు వాళ్లకుంటాయి," అంది అత్త రామలక్ష్మమ్మ. చేటలో శెనక్కాయలు పోసుకొని ఒలుస్తోంది. వియ్యపురాలు వచ్చినప్పటి నుంచి చెయ్యి ఆపలేదు, తల ఎత్తలేదు. "డాక్టరమ్మ కుదుపులు కూడదనింది. మీ వెంకటమ్మనహళ్లి దావలో కుదుపు లేని తావు యాడుండాదో చూపించు, పంపిస్తా."

"నేనేం ఎద్దులబండి తేల్యా. వ్యాను తెచ్చినా."

"వ్యాను పోయేది ఆ దావలోనే కదా. గాల్లో పోతాదా?"

ఓబక్క ఒళ్లో చలిమిడి డబ్బా ఉంది. దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కూతురికి పెట్టాల్సిన కొత్త చీర, గాజులు, పూలు పక్కనే పళ్లెంలో ఉన్నాయి. పూలు అప్పుడే వాడుముఖం పట్టాయి.

నేత్రావతి గోడవైపు చూస్తూ వింటోంది. పది రోజుల కింద కొళాయి దగ్గర చీరకు అంటిన ఎర్రటి మరక అర్ధరూపాయి బిళ్లంత కూడా లేదు. నొప్పి లేదు. అయినా పావగడ తీసుకుపోయారు. స్కాన్ చేసిన డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. బిడ్డ బయటికి వచ్చే దారి ఇది, మాయ అంచు ఆ దారి మీదికి వచ్చి కూర్చుంది. కడుపు పెరిగేకొద్దీ చాలామందికి అదే పైకి పోతుంది. పోకపోతే కాన్పు ఆపరేషనే. అంతవరకు బరువులెత్తవద్దు, గొంతుక్కూర్చుని పని చేయవద్దు, మొగుడికి దూరంగా ఉండాలి. రక్తం చుక్క కనబడినా మళ్లీ రేపు చూద్దామనుకోకుండా రావాలి. ఇది ఎవరి తప్పూ కాదు.

ఆ చివరి మాట డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఇంటికి వచ్చాక అందరూ అన్నీ గుర్తుపెట్టుకున్నారు, అదొక్కటి తప్ప.

"ఐదో నెల దాకా సోలార్ ప్లేట్ల కింద గడ్డి కోసేదానికి పంపిస్తిరి," అంది ఓబక్క. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చుని కొడవలి తిప్పితే మాయ దిగకుండా ఎట్లుంటాది?"

శెనక్కాయ పగిలిన చప్పుడు గట్టిగా వినబడింది.

"నేను పంపిస్తినా? సోలార్ లోపలికి పోయే ఆడోళ్ల గుంపులో నీ కూతురే పేరు రాయించుకొనె. ఇంట్లో కూచుంటే పొద్దు పోదనె. అడుగు, ఆడనే పడుకోనుండాది."

"అది అంటే నువ్వు వద్దనాల కదా."

"నేను వద్దనింటే, అత్త బయటికి పంపదని నీకే ఫోను చేసుండేది. అప్పుడూ నువ్వు నాతోనే కొట్లాటకు వస్తాంటివి."

ఇది నిజమే. నేత్రావతికి నవ్వొచ్చింది. గోడవైపు తిరిగి ఉండటం ఒకందుకు మంచిదైంది.

"అమ్మా, గడ్డికీ దీనికీ ఏం సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది," అంది.

"నువ్వు మాట్లాడద్దు. ఆయాసమొస్తాది," అన్నారు తల్లి, అత్త ఒక్కసారే. అని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సర్దుకున్నారు.

*

ఆశా కార్యకర్త ఉషా స్కూటీ చప్పుడు విని సంజీవప్ప అరుగు మీది నుంచి లేచాడు. అప్పటిదాకా ఆయన అక్కడే బీడీ వెలిగించకుండా చేత్తో పట్టుకొని కూర్చున్నాడు. ఆడవాళ్ల కొట్లాటలో తలదూర్చకూడదని ఆయన ముప్పై ఏళ్ల కిందటే నేర్చుకున్నాడు.

ఉషా లోపలికి వచ్చి ముందు మంచం కిందికి చూసింది.

"ఇవెవరు పెట్టిరి?"

"నేనేనమ్మా," అన్నాడు సంజీవప్ప.

"తీసెయ్ మామా. మాయ అట్ల జారేది కాదు. పిల్లకు తలకు రక్తమెక్కి నిద్ర రాదు."

సంజీవప్ప ఒక్కొక్కటే ఇటుక తీశాడు. వాటిని పెరట్లోకి తీసుకుపోతున్నప్పుడు ఆయన వీపు కాస్త వంగినట్టు కనబడి నేత్రావతికి జాలేసింది.

ఉషా మంచం మీద కూర్చుని నేత్రావతి తాయి కార్డు తీసింది. గర్భిణికి సర్కారు ఇచ్చే ఆ కార్డులో మళ్లీ స్కాన్ చేయించాల్సిన తేదీ చుట్టూ డాక్టరమ్మ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.

"ఇంకా పద్దెనిమిది దినాలు ఉండాది. అప్పటికి ముప్పై రెండు వారాలైతాది. ఆ దినం పొద్దున తొమ్మిదికంతా ఆడ ఉండాల. మాయ పైకి పోయింటే ఈడనే పావగడలో కాన్పు. పోకుంటే తుమకూరుకు రాసిస్తారు, ఆపరేషన్‌కు. రక్తం కూడా ముందే చూసుకోవాల కదా."

రామలక్ష్మమ్మ చెయ్యి మొదటిసారి ఆగింది. వేళ్లు మడిచి లెక్కేసింది.

"పద్దెనిమిది దినాలంటే ఎనిమిదో నెల నడిమధ్య పడతాది కదమ్మీ."

"అవునక్కా."

"ఎనిమిదో నెలలో కడుపుతో ఉండే పిల్లను పొలిమేర దాటించరు."

"అది నిజమే వదినా," అంది ఓబక్క వెంటనే. "మా పినతల్లి కూతురు ఎనిమిదిలో తిరపతి పోయొచ్చి ఏమైందో నీకు తెలుసు కదా."

"తెలుసు. దానికే చెప్తాండా."

"తొమ్మిది పడినాక పోతారులే. పన్నెండు దినాలే కదా తేడా."

"పన్నెండు దినాల్లో ఏమైతాది," అంది రామలక్ష్మమ్మ.

ఇంతసేపూ ఒక్క మాట మీద కలవని ఇద్దరూ ఇంత సులువుగా కలిసిపోవడం చూసి నేత్రావతి మెల్లగా ఇటు తిరిగింది. తల్లి వెంట పోతే వెంకటమ్మనహళ్లిలో ఉంటుంది, స్కాన్‌కు పంపరు. అత్త దగ్గరుంటే ఇక్కడే ఉంటుంది, స్కాన్‌కు పంపరు. గంట సేపటి నుంచి వీళ్లిద్దరూ కొట్లాడుతున్నది తన కోసమే అనుకుంది. తీరా చూస్తే తను ఎక్కడ పడుకోవాలన్న దాని గురించి.

ఉషా గొంతు పెంచలేదు. ఈ ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తోంది.

"అక్కా, రక్తం పడేటప్పుడు ఏడా, ఎనిమిదా అని చూసుకోని పడదు. మాయ యాడుండాదో తెలిస్తే ముందే ఆసుపత్రి దగ్గర్లో పెట్టుకొంటాము. తెలియకుండా పన్నెండు దినాలు ఈ ఊర్లో కూచుంటే, ఏ పొద్దులోనో ఎక్కువగా పడితే? అంబులెన్సు రావాల, ముప్పావు గంట పోవాల. మొదటిసారి చుక్కే. రెండోసారీ చుక్కే అని ఎవురూ రాసియ్యరు."

"నోట్లోంచి అట్లాంటి మాట తీయద్దు తల్లీ," అంది ఓబక్క.

"నేను తీయకపోతే రాకుండా పోతాదా అక్కా?"

పెరట్లో సంజీవప్ప ఇటుకలు పెట్టిన చప్పుడైంది.

*

నేత్రావతి మొగుడు వీరేశ్ భోజనానికి వచ్చేసరికి మూడైంది. సోలార్ ప్లేట్లు కడగడానికి నీళ్లు తోలే ట్యాంకరు నడుపుతాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. వాకిట్లో వ్యాను, లోపల అత్త, అమ్మ, ఆశా కార్యకర్త. ఇది భోజనం చేసే వేళ కాదని అతనికి అర్థమైంది.

"ఏమప్పా వీరేశా," అంది ఓబక్క, "నీ పెండ్లామే కదా. నువ్వు చెప్పు. యాడుండాల?"

వీరేశ్ తల్లివైపు చూశాడు. తల్లి చేట వైపు చూసింది.

"మీరు పెద్దోళ్లు. మీరెట్ల చెప్తే అట్ల," అన్నాడు.

"అట్లంటే ఎట్ల? మేము ఇద్దరం రెండు చెప్తాంటే?"

"రెండూ మంచిదే," అన్నాడు వీరేశ్.

ఉషా నవ్వు ఆపుకోలేక కార్డు సంచిలో పెట్టుకునే నెపంతో తల వంచింది. నేత్రావతికి మాత్రం నవ్వు రాలేదు. మంచివాడే. అందరికీ మంచివాడు. ఆ మంచితనం పెళ్లైన కొత్తలో ఎంతో చల్లగా ఉండేది. ఇప్పుడు అటూ ఇటూ ఒరిగే గోడకు ఆనుకున్నట్టుంది.

ఆమె ఒక చెయ్యి మంచం మీద ఊని నిదానంగా లేచి కూర్చుంది.

"అత్తా, నేనొకటి అడుగుతా. ఎనిమిదిలో పొలిమేర దాటకూడదు, అంతే కదా?"

"అంతే."

"ఈ పొద్దు ఇంకా ఏడే కదా?"

"ఏడే."

"ఈ పొద్దే దాటితే?"

ఓబక్క మొహం విప్పారింది. "అదే కదా నేను వచ్చినప్పటి నుంచి మొత్తుకొనేది. లెయ్, చీర కట్టుకో."

"మనూరికి కాదమ్మా. పావగడకు. ఈ పొద్దే పోయి ఆడనే ఉంటే, ఎనిమిదంతా ఆడనే ఉంటా. స్కాన్‌కు నేను ఏ పొలిమేరా దాటే పని లేదు. ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంటాది. మీ మాటా తప్పినట్టు కాదు, డాక్టరమ్మ మాటా తప్పినట్టు కాదు."

ఈ పిల్ల ఇంతసేపు పడుకొని ఆలోచించింది ఇదా అన్నట్టు చూసింది రామలక్ష్మమ్మ. శాస్త్రంలో తప్పు పట్టడానికి సందు దొరకలేదు. రెండోసారి వెతికినా దొరకలేదు.

"అంత దూరం వ్యానులో పోవచ్చునా?" అని ఉషాను అడిగింది.

ఉషా అప్పటికే ఫోను తీసి డాక్టరమ్మకు చేస్తోంది. కన్నడంలో నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసింది. "నిదానంగా, తారు రోడ్డు మీద పోవచ్చంట. ఆసుపత్రి దగ్గర్లో ఉంటే ఇంకా మేలనింది."

"పావగడలో మనకెవురున్నారని?" అంది ఓబక్క.

ఈ ప్రశ్నకు జవాబు ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ చెప్పలేదు.

పావగడలో ఈ ఇంటి పెద్దకొడుకు మధుకుమార్ ఉన్నాడు. మూడేళ్ల కింద పొలం సోలార్ కంపెనీకి గుత్తకు ఇచ్చేటప్పుడు సంతకం పెట్టనన్నాడు. శెనక్కాయ పండినా పండకపోయినా మన్ను మన్నేనన్నాడు. వానలు లేక నాలుగేళ్లు విత్తనం కూడా తిరిగి రాని మన్ను ఎవరికి కావాలని రామలక్ష్మమ్మ అంది. చివరికి సంతకం పెట్టాడు. పెట్టి, పెళ్లాం ధనుశ్రీని, సామాను తీసుకొని పోయాడు. ఇంక ఈ గడప తొక్కవద్దని రామలక్ష్మమ్మ నలుగురిలో అనేసింది. అతను తొక్కలేదు. ఆ తర్వాత ఎవరైనా పిల్లలెందరని అడిగితే, ఒక్కడే అని చెప్పడం మొదలుపెట్టింది.

"ధనుశ్రీ అక్కతో నేను మాట్లాడుతుంటా," అంది నేత్రావతి. "వాట్సాప్‌లో."

"తెలుసు," అంది రామలక్ష్మమ్మ.

అది నేత్రావతి ఊహించని మాట.

"కాన్పు తల్లింట్లో కావాల, లేదా అత్తింట్లో," అంది ఓబక్క. "తోడికోడలింట్లో పురుడు పోసుకొంటే నా మొగాన ఉమ్మేసినట్టు కాదా?"

"పురుడు ఆసుపత్రిలో అమ్మా. అది ఎవరిల్లూ కాదు. అంతవరకు నాకు ఒక మంచం కావాల, అంతే."

"నేను అడుగుతాలే అన్నను," అన్నాడు వీరేశ్ గుమ్మం దగ్గర నుంచి.

"మూడేండ్ల నుంచి అడుగుతా అంటానే ఉన్నావు కదా," అంది నేత్రావతి. గట్టిగా అనలేదు. ఆమె దిండు కింద నుంచి ఫోను తీసి ధనుశ్రీ నంబరు నొక్కింది. చెవి దగ్గర పెట్టుకునే ఓపిక లేక స్పీకరు వేసి మంచం మీద పెట్టింది.

నాలుగు రింగులకు మగ గొంతు పలికింది.

"నేత్రా, మీ అక్క మేడ మీద బట్టలు ఆరేస్తాంది. చెప్పమ్మా. ఆరోగ్యం ఎట్లుండాది?"

మూడేళ్లుగా ఆ ఇంట్లో వినబడని గొంతు. పెరటి గుమ్మంలో సంజీవప్ప వచ్చి నిలబడ్డాడు.

నేత్రావతి చెప్పింది. మాయ సంగతి, స్కాన్ తేదీ, ఎనిమిదో నెల, ఈ పొద్దే బయలుదేరాల్సిన అవసరం. ఏడవలేదు, బతిమాలలేదు. ఆసుపత్రిలో చీటీ రాయించుకునేటప్పుడు చెప్పినట్టు వరసగా చెప్పింది.

మధుకుమార్ అడ్డం రాకుండా విన్నాడు.

"రా," అన్నాడు. "నువ్వు వచ్చేదానికి నన్ను అడగాల్నా? గది ఉండాది. ఆసుపత్రికి నడిచిపోవచ్చు. కానీ ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోద్దు."

"చెప్పు బావా."

"దేవుని దయతో అంతా బాగైతే ఏం లేదు. కాకపోతే? నా ఇంట్లో ఉన్నప్పుడు ఏమన్నా అయితే? పొలానికి అడ్డం పడినోడు, ఆ పిల్లకూ అడ్డం పడినాడు అంటారు. ఊరంతా అనినా పడతా. అమ్మ అంటే పడలేను. అందుకని అమ్మ నాకు చెప్పాల, పిల్లను నీ తావుకు పంపిస్తాండా అని. తన నోటితో. నువ్వు చెప్తే కాదు, వీరేశు చెప్తే కాదు."

స్పీకరు వేసి ఉందని అతనికి తెలియదు. లేదా తెలుసేమో.

రామలక్ష్మమ్మ చేట పక్కన పెట్టింది. ఒళ్లోని పొట్టు దులుపుకుంది. లేచి, ఎవరివైపూ చూడకుండా వంటింట్లోకి పోయింది. కుండలో చెంబు ముంచిన చప్పుడు వినబడింది. నీళ్లు తాగిన చప్పుడు వినబడలేదు.

"బావా, రొంతసేపు ఉండు," అంది నేత్రావతి ఫోనుతో.

"ఉంటా."

ఉషా గడియారం చూసుకుంది. వీరేశ్ గోడకున్న మేకును చూస్తున్నాడు. సంజీవప్ప వంటింటి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ముప్పై ఏళ్ల అలవాటు ఆయన్ను అక్కడే పట్టుకుంది.

లేచింది ఓబక్క. చలిమిడి డబ్బా కింద పెట్టి, మోకాళ్లు పట్టుకొని లేచి, వంటింటి గుమ్మం దాకా పోయింది. లోపలికి పోలేదు.

"వదినా," అంది. "నేను నా పంతం ఇడిచిపెట్టినా. ఊర్లో ఏమంటారో అననీ." గుమ్మానికి చెయ్యి ఆనించింది. "నాకుండేది అదొక్కటే పిల్ల."

ఓబక్క కొంగుతో ముక్కు తుడుచుకొని అక్కడే నిలబడింది.

కాసేపటికి రామలక్ష్మమ్మ బయటికి వచ్చింది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ మంచం దగ్గరికి వచ్చి ఫోను తీసుకుంది. దాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలియనట్టు అరచేతిలో పెట్టుకొని చూసింది.

"మధూ," అంది.

అటువైపు ఊపిరి మాత్రం వినబడింది.

"మీ అమ్మను. ఈ పొద్దుతో ఏడు నిండుతాది. పిల్లను నీ తావుకు పంపిస్తాండా. నేనే పంపిస్తాండా. ఏమన్నా అయితే నాది."

"సరే," అన్నాడు మధుకుమార్.

అక్కడితో ఆపి ఉండవచ్చు. అడిగింది అంతే. నేత్రావతి ఫోను కోసం చెయ్యి చాపింది కూడా. రామలక్ష్మమ్మ ఇవ్వలేదు.

"ధనుశ్రీకి కాన్పుల సంగతి తెల్దు," అంది. "నేనూ వెంట వస్తా."

ఈసారి అటు ఊపిరి కూడా వినబడలేదు. ఎక్కడో బస్సు హారను మోగింది. పావగడ వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఫోను ఆగిపోలేదు. దాని తెర మీద సెకన్లు ఒకటొకటిగా పెరుగుతున్నాయి.

రామలక్ష్మమ్మ ఫోను అట్లాగే మంచం మీద పెట్టింది. లోపలికి పోయి, దండెం మీది చీరలు రెండు తీసి, మడతలు సరిచూసి, ఒక సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

నేత్రావతి కాళ్లు కిందికి దించింది. ఓబక్క వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

మధుకుమార్ ఇంకా తల్లిని రమ్మనలేదు.